చేపల పొత్తు: చెరువు పాఠం ఉప్పునీటి తొట్టికి చాలదు

రాజాం ప్రాంతపు చెరువు రైతుకు చేపల పొత్తు కొత్త విషయం కాదు. బొచ్చె పైనీటిలో, శీలావతి నడినీటిలో, ఎర్రమోసు అడుగున మేత వెతుక్కుంటాయని, ఈ మూడింటిని 4:3:3 నిష్పత్తిలో కలిపి వదిలితే చెరువులోని సహజాహారం వృథా కాదని అతనికి తెలుసు. దేశీయ, విదేశీ కార్పు జాతుల మిశ్రమ పెంపకంపై 1971లో అఖిల భారత సమన్వయ పరిశోధన పథకం మొదలైన నాటి నుంచి విస్తరణ సిబ్బంది రైతులకు చెబుతున్న పాఠం ఇదే. అది ఫలించిన పాఠం కూడా.

పట్టణపు ఇళ్లలోకి ఉప్పునీటి అక్వేరియం చేరుతున్నకొద్దీ ఇదే ప్రశ్న మరో రూపంలో విస్తరణ శాస్త్రవేత్త ముందుకు వస్తుంది. పగడపు దిబ్బల మీద బ్రతికే రంగుల చేపల్లో దేనితో దేన్ని కలిపి ఉంచవచ్చు? అలవాటుకొద్దీ వచ్చే సమాధానం చెరువుదే: పైన తిరిగేవి కొన్ని, నడుమ తిరిగేవి కొన్ని, అడుగున ఉండేవి కొన్ని. ఈ సమాధానం సముద్రపు చేపకు సరిపోదు. చెరువులో పొత్తు మేత మీద ఆధారపడుతుంది. తొట్టిలో పొత్తుకు చోటు, నోరు, జాతి స్వభావం ఆధారాలు. ఈ తేడాను బోధనలోకి తీసుకురాకుండా అలంకార చేపల పెంపకాన్ని ఉపాధిగా ప్రోత్సహించడం తొందరపాటు అవుతుంది.

చెరువుకు, తొట్టికి గల దూరం

హెక్టారుకు 5,000 చేపపిల్లలను వదిలిన చెరువులో ఒక్కొక్క చేపకు రెండు చదరపు మీటర్ల నీటి విస్తీర్ణం దక్కుతుంది. 10,000 వదిలినా ఒక చదరపు మీటరు మిగులుతుంది. పైగా కార్పు జాతులు సొంత హద్దులు గీసుకుని కాపలా కాసే చేపలు కావు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గల తొట్టి సంగతి చూస్తే, దాని అడుగు విస్తీర్ణం ఆరు చదరపు అడుగులు, అంటే సుమారు 0.56 చదరపు మీటర్లు. నీరు 255 లీటర్ల లోపే పడుతుంది. రాళ్లు, ఇసుక పోను ఇంకా తగ్గుతుంది. చెరువులో ఒక్క చేపకు దక్కే చోటులో సుమారు సగమో, పావు వంతో ఉన్న ఈ జాగాలో పది చేపలను పెట్టాలని కొనుగోలుదారు ఆశిస్తాడు.

నీటి స్వభావం కూడా వేరు. 28 డిగ్రీల సెల్సియస్ వద్ద మంచినీరు లీటరుకు సుమారు 7.8 మిల్లీగ్రాముల ప్రాణవాయువును కలుపుకోగలిగితే, సముద్రపు నీరు 6.4 మిల్లీగ్రాములనే కలుపుకుంటుంది. సముద్రపు నీటి ఉదజని సూచిక 8.1 నుంచి 8.4 మధ్య ఉండడం వల్ల అందులోని అమ్మోనియాలో విషపూరితమైన భాగం తటస్థ జలాల్లో కంటే ఎక్కువ. అందువల్ల చెరువులో ఓడిన చేప పక్కకు తప్పుకుంటుంది, తొట్టిలో ఓడిన చేప మూలన నక్కి, మేత మాని, చివరకు చనిపోతుంది. దాని కళేబరం మిగిలిన వాటికి అమ్మోనియా రూపంలో ప్రమాదం తెస్తుంది.

అడగవలసిన మూడు ప్రశ్నలు

మొదటి ప్రశ్న నోటి పరిమాణం గురించి. చేపపిల్లలను వదలే ముందు ఇప్పపిండి చల్లి కొర్రమీనును, వాలుగను ఎందుకు తొలగిస్తారో రైతుకు వివరించనక్కరలేదు. లయన్ ఫిష్ విషయంలో అదే జాగ్రత్త వర్తిస్తుంది. అది నెమ్మదిగా, హుందాగా కదులుతుంది, ఎవరితోనూ కలహించదు. కాని నోట పట్టే ప్రతి గోబీనీ, ప్రతి రొయ్యనూ మింగుతుంది. దాని ముళ్లలోని విషం తొట్టి శుభ్రం చేసే చేతికి అదనపు ప్రమాదం. గ్రూపర్ పిల్లలకు కూడా ఇదే సూత్రం. శాంత స్వభావానికి, సహజీవన యోగ్యతకు సంబంధం లేదని విద్యార్థులు ముందుగా గ్రహించాలి.

రెండవ ప్రశ్న చోటు గురించి. డామ్సెల్ చేపలు చవక, గట్టి ప్రాణం గలవి. అందుచేత కొత్త తొట్టిలో మొదట వాటినే వదలమని సలహా ఇవ్వడం పరిపాటి. కాని అవి బండ సందును సొంతం చేసుకుని, తరువాత వచ్చిన ప్రతి చేపనూ తరుముతాయి. మూడు తెల్లని మచ్చలతో ముచ్చటగా కనిపించే డామ్సెల్ పిల్ల పెరిగి సుమారు 14 సెంటీమీటర్లకు చేరుతుంది, మచ్చలు మసకబారుతాయి, దుడుకుతనం పెరుగుతుంది. చవకైన ఆ ఒక్క చేపను బయటకు తీయడానికి రాళ్లన్నీ కదిలించవలసి వస్తుంది. 2003 నాటి ‘ఫైండింగ్ నెమో’ చిత్రం ద్వారా పిల్లలందరికీ పరిచయమైన నీలి టాంగ్ 30 సెంటీమీటర్ల వరకు పెరిగే దూర సంచారి. నాలుగడుగుల తొట్టి దానికి శాశ్వత నివాసం కాజాలదు.

మూడవ ప్రశ్న సొంత జాతి గురించి. చెరువులో వెయ్యి శీలావతులు కలిసి ఉంటాయి. పగడపు దిబ్బ మీద అనేక చేపలకు ప్రథమ శత్రువు తమను పోలిన చేపే, ఎందుకంటే అదే మేత, అదే సందు, అదే జత కోసం పోటీపడేది అదే. ఆకారంలో పోలికగల రెండు టాంగ్ జాతులు కలహించడానికి కారణమిదే. క్లౌన్ చేప ఈ విషయంలో మంచి పాఠ్యాంశం. దాని గుంపులో అన్నింటికన్నా పెద్దది ఆడది, తరువాతిది మగది, మిగిలినవి ఎదగని పిల్లలు. ఆడది చనిపోతే మగది ఆడదిగా మారుతుంది. కాబట్టి ఒకే జాతికి చెందిన రెండు చిన్న పిల్లలను ఉంచితే అవి కాలక్రమంలో జతగా స్థిరపడతాయి. మూడవదాన్ని చేర్చితే అది దెబ్బలు తింటుంది. రెండు వేర్వేరు క్లౌన్ జాతులను చిన్న తొట్టిలో కలపడం పోరును కొని తెచ్చుకోవడమే.

పొత్తుకు ఇతర చేపలే ఆటంకం కానవసరం లేదు. సీతాకోకచిలుక చేపల్లో అనేక జాతులు జీవపగడాలను కొరుక్కు తింటాయి. మాండరిన్ చేప రోజంతా రాళ్ల మీది సూక్ష్మ క్రస్టేషియన్లను ఏరుకుంటుంది. ఇతర చేపల దేహం మీది పరాన్నజీవులను తిని బ్రతికే క్లీనర్ రాస్‌కు అయిదారు చేపలున్న తొట్టిలో కడుపు నిండదు. ఇవి ఎవరితోనూ పోట్లాడవు, ఆకలితో పోతాయి. బాక్స్ ఫిష్ బెదిరినా, చనిపోయినా విడుదల చేసే విషంతో తొట్టి మొత్తం ఖాళీ కావచ్చు. అవునని, కాదని గడులు నింపిన పొత్తు పట్టికల్లో ఈ సంగతులకు తావు లేదు. తొట్టి కొలత, చేప వయస్సు, ప్రవేశించిన వరుస తెలియకుండా ‘అవును’ అనే మాటకు అర్థం లేదు.

వరుస, సంఖ్య, విద్యుత్తు

ఒకే అయిదు చేపలు ఒక వరుసలో వస్తే కలిసి ఉంటాయి, మరో వరుసలో వస్తే చంపుకుంటాయి. అమ్మోనియాను నైట్రైటుగా, దానిని నైట్రేటుగా మార్చే బాక్టీరియా స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ తరువాతనే బెరుకు చేపలను ముందుగా, హద్దులు కాచే చేపలను చివరగా, వ్యవధి ఇస్తూ వదలాలి. ప్రతి కొత్త చేపనూ కనీసం నాలుగు వారాలు వేరే తొట్టిలో ఉంచి గమనించాలి. ఉప్పునీటి తెల్లమచ్చ వ్యాధిని కలిగించే క్రిప్టోకారియాన్ పరాన్నజీవి ఒక్క చేపతో వచ్చి అన్నింటికీ పాకుతుంది. దానికి వాడే రాగి మందు రొయ్యలను చంపుతుంది కనుక ప్రధాన తొట్టిలో చికిత్స కుదరదు.

సంఖ్య విషయంలో ఉత్తరాంధ్రకు ప్రత్యేకమైన కారణం ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తీరం దాటినప్పుడు ఈ ప్రాంతంలో అనేక ఊళ్లు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నాయి. పంపు ఆగిన తొట్టిలో నీటి ఉపరితలం ద్వారా చేరే ప్రాణవాయువు మీదనే చేపలు ఆధారపడాలి. ఆరు చేపలున్న తొట్టిని బ్యాటరీ గాలి పంపుతో నిలబెట్టుకునే అవకాశం ఉంది. పదిహేను చేపలున్న తొట్టి తెల్లవారే వరకు నిలవకపోవచ్చు. వేసవిలో నీరు ఆవిరై లవణీయత పెరగడం మరో సమస్య. ఆవిరైన మేరకు మంచినీరే పోయాలన్న చిన్న విషయం తెలియక ఉప్పునీరు పోసేవారు ఉంటారు. కాబట్టి రాజాం వంటి చోట తక్కువ చేపలను సూచించడం పిసినారితనం అనిపించుకోదు, అది స్థానిక పరిస్థితి కోరే శాస్త్రీయ సిఫార్సు.

255 లీటర్ల తొట్టికి ఆచరణీయమైన కూర్పు ఇలా ఉండవచ్చు: మొదట పిస్టల్ రొయ్యతో జత కట్టే ఒక కాపలా గోబీ, తరువాత మూడు పైజామా కార్డినల్ చేపలు, చివరగా ఒక జత ఓసెల్లారిస్ క్లౌన్ చేపలు. మొత్తం ఆరు చేపలు, ఒక రొయ్య. చూపు మందగించిన రొయ్య బొరియ తవ్వుతుంటే గోబీ వాకిట కాపలా ఉంటుంది. రొయ్య తన మీసాన్ని గోబీ మీద ఆనించి ప్రమాద సంకేతం అందుకుంటుంది. పిల్లలకు పరస్పర సహకారాన్ని చూపడానికి ఇంతకు మించిన ప్రదర్శన అవసరం లేదు. క్లౌన్ చేపలకు సీ అనిమోన్ తప్పనిసరి కాదు. శత్రువులు లేని తొట్టిలో అది లేకుండానే అవి జీవిస్తాయి, గుడ్లు పెడతాయి.

చట్టం గీసిన హద్దు

పగడపు దిబ్బ తరహా తొట్టి అనగానే జీవపగడాలను కోరుకోవడం సహజం. మన దేశంలో అది చట్ట విరుద్ధం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 2001లో దిబ్బలు కట్టే రాతి పగడాలన్నింటికీ, నల్ల పగడాలకూ, సీ ఫ్యాన్లకూ, సముద్రపు గుర్రాలకూ రక్షణ కల్పించారు. మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ, అండమాన్ నికోబార్, లక్షద్వీప్ దిబ్బల నుంచి రాయి తెచ్చి తొట్టిలో పెట్టడాన్ని ఏ విస్తరణ సంస్థా సమర్థించరాదు. సిమెంటుతోనో, సెరామిక్‌తోనో చేసిన కృత్రిమ రాళ్లు చేపకు కావలసిన సందులను ఇస్తాయి. చేప కోరేది మరుగే.

చేపల ఎంపికలోనూ ఇదే నీతి వర్తించాలి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ మండపం కేంద్రంలో పలు క్లౌన్, డామ్సెల్ జాతుల ప్రజననాన్ని సాధించింది. హేచరీలో పుట్టిన పిల్ల తయారు మేతకు అలవాటుపడి ఉంటుంది, తొట్టి గోడలను ఎరుగుతుంది. దిబ్బ మీద వల వేసి పట్టిన చేప రవాణాలో నలిగి, తెలియని మేతను నిరాకరించి నీరసిస్తుంది. నీరసించిన చేపను మిగిలినవి ముందుగా వేధిస్తాయి. అంటే పుట్టిన చోటు కూడా పొత్తును నిర్ణయించే అంశమే.

విస్తరణ వ్యవస్థ బాధ్యత

ఇది కలిగినవారి సరదా అని, వరి, మొక్కజొన్న, చెరువు చేపల సమస్యలుండగా విస్తరణ సిబ్బంది సమయాన్ని దీనికి వెచ్చించరాదని వాదించవచ్చు. ఆ వాదనలో న్యాయం లేకపోలేదు. అయితే 2020లో ఆరంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన పెరటి అలంకార చేపల యూనిట్లకు, మంచినీటి రకాలతో పాటు ఉప్పునీటి రకాలకూ సహాయం అందిస్తోంది. ఆ యూనిట్ పెట్టిన మహిళా సంఘం ఆదాయం ఎవరి మీద ఆధారపడుతుంది? మొదటి తొట్టి కొన్న కుటుంబం రెండవసారి చేపలు కొనడం మీద. తొలి నెలలోనే చేపలన్నీ చనిపోయిన ఇంట్లో తొట్టి అటక ఎక్కుతుంది. చనిపోయిన చేపల నష్టం ఒక ఇంటిది, తగ్గిన గిరాకీ నష్టం అప్పు తెచ్చి యూనిట్ పెట్టినవారిది. ఉత్పత్తికి శిక్షణ ఇచ్చి, కొనేవారికి సలహా ఇవ్వని పథకం సగం పథకమే.

ఇందుకు పెద్ద వ్యయం అక్కరలేదు. ఆమదాలవలస, రస్తాకుంటుబాయి కృషి విజ్ఞాన కేంద్రాల్లో చెరో ప్రదర్శన తొట్టిని ఆరు చేపలతో నిర్వహించవచ్చు. సాంకేతిక సహాయానికి కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ విశాఖపట్నం ప్రాంతీయ కేంద్రం దగ్గరలోనే ఉంది. ప్రతి చేపకు పెరిగిన తరువాతి పరిమాణం, నోట పట్టే వస్తువు, కాచుకునే చోటు, సొంత జాతి పట్ల ప్రవర్తన, వదలవలసిన వరుస అనే అయిదు వివరాలతో తెలుగులో ఒక్క పుట కరపత్రం చాలు. ముత్తుకూరు మత్స్య కళాశాల వంటి చోట్ల మిశ్రమ పెంపకం బోధించే తరగతిలోనే తొట్టి పొత్తును పక్కన పెట్టి పోల్చి చెబితే విద్యార్థికి రెండూ స్పష్టపడతాయి.

అన్నింటికన్నా ముఖ్యమైనది వద్దని చెప్పగల ధైర్యం. తొట్టి కొలత అడగకుండా చేప పేరు చెప్పరాదు. లయన్ ఫిష్‌ను, టాంగ్‌ను, మాండరిన్‌ను కోరి వచ్చిన వ్యక్తికి ఆ మూడింటినీ నిరాకరించి ఒక జత క్లౌన్ చేపలను సూచించడం అతనికి ఆ రోజు రుచించకపోవచ్చు. ఏడాది తరువాత ఆ జత రాతి మీద గుడ్లు పెట్టి, మగచేప వాటికి రెక్కలతో నీరు విసురుతున్న దృశ్యం ఆ ఇంటివారు చూస్తే, విస్తరణ శాస్త్రవేత్త సలహాకు అంతకన్నా రుజువు అవసరం ఉండదు.