పొయ్యి వెనుక గోడ

పోయిన నెల యీ శీర్షికలో మిద్దె మీది నీళ్ళతొట్టిని గురించి వ్రాస్తే హోసూరు నుంచి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. "తొట్టి సంగతి మీ మగవాళ్ళు ఎలాగూ చూసుకుంటారు. రోజుకు మూడుపూటలా మేము నిలబడే చోటు సంగతి ఎప్పుడు వ్రాస్తారు?" అని. ఆ ఉత్తరం మా ఆవిడ చదివింది. ఏమీ అనకుండా నా చేతికిచ్చి, పోపు మాడుతున్నదని లోపలికి వెళ్ళిపోయింది. కనుక యీ నెల పొయ్యి వెనుక గోడ.

దాన్ని బెంగుళూరు మేస్త్రీలు డ్యాడో అంటారు. మా యింట్లో అది తొమ్మిది అడుగుల పొడవు, గట్టు మీది నుంచి రెండడుగుల ఎత్తు. 2006లో యిల్లు కట్టినప్పుడు దానికి అరడుగు చదరపు టైళ్ళు ఎన్నుకున్నది నేను. చవకగా వచ్చాయి, తెల్లగా వున్నాయి, వెంటనే తెచ్చేశాను. ఆవిడను అడగాలన్న ఆలోచనే రాలేదు. ఆఫీసులో ఎవరి ఫైలు మీద వాళ్ళ సంతకం లేనిదే నేను కాగితం కదపను. యింట్లో మాత్రం ఆవిడ ఫైలు మీద నేనే సంతకం చేశాను.

టైలు చెడ్డది కాదు. చెడ్డది సందు. టైలు మీది నూనె గుడ్డతో తుడిస్తే పోతుంది. సందులోని సిమెంటు నూనెను తాగి, పసుపును పట్టుకొని, పొగను అంటించుకొని నల్లబడుతుంది. డెబ్భైరెండు టైళ్ళకు సందులెన్ని అని ఒకనాడు కాగితం మీద లెక్క వేశాను. నిలువువి పదిహేడు, ఒక్కొక్కటి రెండడుగులు. అడ్డవి మూడు, ఒక్కొక్కటి తొమ్మిది అడుగులు. మొత్తం 61 అడుగులు. ప్రతి శనివారం సోడా పొడి, పాత పళ్ళబ్రష్షు పట్టుకొని ఆవిడ 61 అడుగులు తోమింది. పదెనిమిదేళ్ళు తోమింది. 2024లో కుడి మణికట్టు వాచి, గ్లాసు పట్టుకోవడమే కష్టమయింది. డాక్టరు చెయ్యి అటూ యిటూ తిప్పి చూసి, "మీరు దేన్నో బాగా రుద్దుతున్నట్టున్నారే" అన్నాడు. ఆవిడ నా వైపు చూడలేదు. చూసి వుంటే బాగుండేది.

ప్రావిడెంటు ఫండులో అడ్వాన్సు తీశాను. యీసారి సందులు లేకుండా రాతిపలక వేద్దామని, రాయి ఆవిడే ఎన్నుకోవాలని నిర్ణయమయింది.

బెంగుళూరు వాళ్ళకు రాయి అంటే జిగణి. ఆనేకల్లు దారిలో అడ్డగోలుగా కోత మిల్లులు, పలకల అంగళ్ళు. ఆదివారం ఉదయం మేమూ, మా బావమరిదీ బయలుదేరుతుంటే పక్కింటాయన గోడ మీది నుంచి, "ఏన్ సార్, కల్లు నోడక్కె హోగ్తిద్దీరా?" అని పలకరించాడు. తెనాలి నుంచి వచ్చి వున్న మా పినతండ్రి కొడుకు కాఫీ గ్లాసు దించేశాడు. "పొద్దున్నే, అందులోనూ దంపతులిద్దరూ, కల్లుకా!" కన్నడంలో కల్లంటే రాయని చెప్పి నమ్మించేసరికి బస్సు వెళ్ళిపోయింది.

అంగట్లో పలకలు ఎండలో వాలుగా నిలబెట్టి వుంటాయి. మీరు వెళ్ళగానే కుర్రవాడు బకెట్టుతో నీళ్ళు కొడతాడు. తడిసిన రాయి ప్రతిదీ అందమైనదే. ఆరేదాకా ఆగి చూడండి. ఆరిన రంగే మీ వంటింట్లో వుండే రంగు.

మా బావమరిది తెల్ల చలువరాయి దగ్గర నిలబడిపోయాడు. "బావా, యిది వేస్తే వంటిల్లు గుడిలా వుంటుంది" అన్నాడు. అబద్ధం కాదు, అంత అందంగానూ వుంది. మక్రానా చలువరాతితోనే తాజమహలు కట్టారు. కాని తాజమహల్లో ఎవరూ తిరగమోత వేయరు. మా ఆవిడ ఆ రాతిని అరచేతితో నిమిరి, అంగడి యజమానిని, "అయ్యా, దీనిది అరచెయ్యంత ముక్క యిస్తారా?" అని అడిగింది. అలాగే కడపరాయిది ఒకటి, నల్ల గ్రానైటుది ఒకటి. నాలుగోది ఒక మూల పచ్చఛాయతో, ముదురు అలలతో వున్న పలక. "యిది ఏ వూరిది?" అని అడిగితే, "కుప్పం గ్రీన్ అమ్మా" అన్నాడు.

మా ఆవిడ పుట్టిల్లు కుప్పం. మా బావమరిదిదీ అదే అని వేరే చెప్పనక్కరలేదు. "పుట్టినప్పటి నుంచీ యీ రాతి మీద బట్టలుతకడం చూశాను. మళ్ళీ డబ్బు పెట్టి కొనాలా?" అన్నాడు వాడు. ఆవిడ ఆ ముక్క కూడా సంచిలో వేసుకున్నది. తిరిగి వచ్చేటప్పుడు, "పుట్టింటి రాయి అయినంత మాత్రాన చింతపండు పెట్టకుండా వదులుతానా?" అన్నది.

అసలు పరీక్ష అదే. సోదరీమణులు యీ భాగం జాగ్రత్తగా చదవాలి. రాత్రి నాలుగు ముక్కలూ గట్టు మీద పరచి, ఒక్కొక్క దాని మీద మూడు చోట్ల మూడు పదార్థాలు పెట్టింది. చిక్కటి చింతపండు రసం ఒకచోట, నిమ్మచెక్క ఒకచోట, పసుపు కలిపిన వేరుశనగ నూనె ఒకచోట. తెల్లవారి కడిగి, ఆరనిచ్చి, కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకొని చూశాము.

చలువరాతి మీద నిమ్మచెక్క పెట్టినచోట గుండ్రంగా మెరుగు పోయింది. చింతపండు చోటూ అంతే. పసుపు నూనె పచ్చటి మచ్చయి కూర్చున్నది, యీనాటికీ పోలేదు. కడపరాతి మీద చింతపండు మచ్చ తెల్లగా బూడిద పూసినట్టు తేలింది. గ్రానైటు ముక్కలు రెండింటి మెరుగూ చెక్కు చెదరలేదు.

దీని కారణం నేను యస్.యస్.యల్.సి.లో చదువుకున్నదే. చలువరాయి, సున్నపురాయి, కడపరాయి, తాండూరు బండ, షాహాబాదు బండ, యివన్నీ ముఖ్యంగా కాల్షియం కార్బొనేటు. ఆమ్లం తగిలితే అది కరుగుతుంది. నిమ్మలో సిట్రికామ్లం, చింతపండులో టార్టారికామ్లం వున్నాయి. అంటే అది మరక కాదు, రాతి పైపొరే తినివేయబడింది. కనుక తోమితే పోదు, మళ్ళీ మెరుగు పట్టించాలి. గ్రానైటు క్వార్ట్‌జు, ఫెల్‌స్పారుల కలయిక. వంటింటి పులుపు దాన్ని ఏమీ చేయలేదు. ముక్క యివ్వని అంగడిలో రాయి కొనవద్దు. పులుసు పెట్టని వాళ్ళ వంటిల్లయితే చలువరాయి నిరభ్యంతరంగా వేసుకోవచ్చు గాని, అటువంటి తెలుగిల్లు నేను చూడలేదు.

కడపరాతిని నేను నిందించడం లేదు. పుణె, బొంబాయి వంటిళ్ళలో గట్టుకు "కడప్పా" అనే పేరు నిలిచిపోయిందంటే అది ఎంత సేవ చేసిందో మహారాష్ట్రలోని మన సభ్యులకు తెలుసు. మెరుగు పోయినా ఫరవా లేదనుకొంటే అది చవక, గట్టి. పొయ్యి వెనుక మాత్రం పులుసు చిమ్మిన ప్రతి చుక్కా కనబడుతుంది.

యిక నల్ల గ్రానైటు. వర్తకులు గ్రానైటు అనే నల్లరాళ్ళు చాలావరకు శాస్త్రప్రకారం గ్రానైటులు కావు. ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి ప్రపంచమంతటికీ వెళ్ళే బంగారు చుక్కల గెలాక్సీ రాయి గాబ్రో జాతిది. పేరు ఏదైనా పులుపుకు నిలుస్తుంది, అది చాలు. కాని రెండు చిక్కులు. ఒకటి, రంగు. బూడిదరంగు రాతికి నల్లరంగు పట్టించి అమ్మడం కూడా వున్నది. మా అమ్మాయి గోళ్ళరంగు తుడిచే ద్రావకం తెల్లగుడ్డ మీద పోసి రుద్దింది. గుడ్డకు నల్లగా అంటింది! యజమానిని నిలదీయలేదు, ఆ ముక్కను పక్కన పెట్టేశాము. రెండోది, మా వీధిలో బోరునీళ్ళు. నల్లటి మెరుగు మీద ఆ నీటిచుక్క ఆరితే తెల్లమచ్చ. పైగా మా వంటింటి కిటికీకి ఎదురుగా పక్కింటి గోడ. వున్న కాస్త వెలుతురునూ నల్లగోడ మింగేస్తుంది.

మిగిలింది కుప్పం రాయి. అది కూడా నూటికి నూరు మార్కులు తెచ్చుకోలేదు. పులుపు ఏమీ చేయలేదు గాని, నూనె పెట్టినచోట లేతరంగు చారలు ముదిరాయి. రాయి నూనెను పీల్చిందన్నమాట. దీనికి చిన్న పరీక్ష వున్నది. మీరు ఎంచుకున్న పలక మీద నీటిచుక్క వేసి పది నిమిషాలు ఆగి తుడవండి. కింద ముదురు మచ్చ కనిపిస్తే ఆ రాయి తాగుతుంది. అటువంటి దానికి సీలరు అనే ద్రవం పట్టించాలి. అది రంధ్రాలు మూస్తుంది. చలువరాతికి అదే పూస్తే మరక ఆలస్యంగా పడుతుందేమో గాని, నిమ్మరసం పైపొరను తినడం మాత్రం ఆగదు. అమ్మేవాళ్ళు యీ రెండోమాట చెప్పరు. మేము ముక్కకు సీలరు పట్టించి మళ్ళీ పసుపు నూనె పెట్టాము. తెల్లవారి తడిగుడ్డతో వచ్చేసింది. ఆవిడ అప్పుడు "సరే" అన్నది.

కొనేటప్పుడు నేను నేర్చుకున్నది ఒకటుంది. పెద్ద పలకలు ఆరడుగులకు పైగా ఎత్తుంటాయి. అంత కొని కోయించి సగం పారేయడం దండుగ. గట్టు కొలతకు సరిపోయేటట్టు రెండున్నర, మూడడుగుల ఎత్తులో చిన్న పలకలు వేరే అమ్ముతారు. రెండడుగుల గోడకు అవి చాలు.

రాయి కొన్నాక చేసిన పొరపాటు కూడా వ్రాయాలి. రెండు సెంటీమీటర్ల మందం రాయి చదరపు అడుగు దగ్గర దగ్గర అయిదు కిలోలు. మా గోడకు పద్దెనిమిది అడుగులు, అంటే తొంభై కిలోలు. బరువు చూసుకున్నాను, గోడ పూత తట్టి చూసుకున్నాను, మా మేడ మెట్ల మలుపు చూసుకోలేదు. తొమ్మిది అడుగుల పలక అక్కడ తిరగలేదు. నలుగురు మనుషులు పావుగంట దాన్ని పట్టుకొని నిలబడ్డారు. చివరికి కిందకు దింపి, అయిదున్నర, మూడున్నర అడుగులుగా కోయించాము. ఎక్కడ కోయాలో ఆవిడ చెప్పింది. అతుకు పొయ్యి దగ్గర కాక నీళ్ళతొట్టి వైపు వచ్చింది. ప్లగ్గుల రంధ్రాలు కూడా కిందనే నీళ్ళు పోస్తూ కోయించండి. రాతిపొడి ఊపిరితిత్తులకు చేటు. కోసే కుర్రవాడూ ఒక తల్లి బిడ్డే.

మేస్త్రీ పలక వెనుక అయిదారు ముద్దలు గమ్ము పెట్టి అతికించబోయాడు. ఆపించాను. ముద్దల నడుమ బోలుగా వుంటుంది, రంధ్రాల దగ్గర పగులుతుంది. పళ్ళ కరణితో గోడంతా పరచి అతికించాక, వేలి కణుపుతో తట్టి చూశాము. ఎక్కడా డొల్ల మోత లేదు.

గట్టుకూ గోడకూ మధ్య సందు అప్పుడూ వున్నది, యిప్పుడూ వున్నది, కనుక దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. గోడ మీద మాత్రం 61 అడుగులకు బదులు రెండడుగుల అతుకు ఒక్కటే. మొదటివారం ముక్కల పులుసు పొంగి గోడకు చిమ్మింది. నేను గుడ్డ అందుకోబోతే, "వుండనీండి" అని ఆపింది. రాత్రంతా అలాగే వదిలేసింది. తెల్లవారి లేచి చూసేసరికి గోడ శుభ్రంగా వున్నది. ఆవిడ ఎడమచేత్తో కాఫీ కలుపుతున్నది.

తెల్ల చలువరాతి ముక్క యిప్పుడు ఆఫీసులో నా బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా కాపలా కాస్తున్నది. దాని మీది పచ్చమచ్చ ఏమిటని వచ్చినవారల్లా అడుగుతారు. మొన్న మా సెక్షనులో కొత్తగా యిల్లు కడుతున్న కుర్రవాడు అడిగాడు. చెప్పాను. పక్కకు వెళ్ళి, భార్యకు ఫోను చేస్తున్నాడు.