బొబ్బట్టులో బలం పప్పుదే

సాయంత్రం వేళ చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వీధుల్లో పెనం మీద నేతితో కాలే బొబ్బట్టు వాసన ఎవరినైనా ఒక క్షణం నిలబెడుతుంది. నగర కేంద్ర గ్రంథాలయంలోనూ, ఉద్యోగ పరీక్షల శిక్షణ కేంద్రాలలోనూ పగలంతా చదివి అలసిన విద్యార్థికి అది మిఠాయి మాత్రమే కాదు, ఆకలి తీర్చే ఆహారం కూడా.

ఆంధ్రలో బొబ్బట్టు, తెలంగాణలో భక్ష్యం లేదా పోలె, రాయలసీమలో ఓళిగ, మహారాష్ట్రలో పూరన్ పోళీ. పేర్లు వేరైనా లోపలిది శనగపప్పు, బెల్లం కలిపి మెదిపిన పూర్ణమే. చనా దాల్ హల్వా వండుకునే మన ఇళ్లకు ఈ రుచి పరాయిది కాదు.

దీని బలమంతా పప్పులో ఉంది. వంద గ్రాముల పచ్చి శనగపప్పులో సుమారు 20 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. పీచు, ఇనుము, ఫోలేట్ కూడా లభిస్తాయి. గోధుమలో కొరవడే లైసిన్ పప్పులో సమృద్ధిగా ఉంటుంది కనుక ఈ రెండింటి కలయిక మేలైనది. గోధుమపిండికి బదులు మైదా, నేతికి బదులు వనస్పతి చేరినప్పుడు ఆ మేలు తగ్గిపోతుంది.

ఇక బెల్లం విషయం. “బెల్లమే కదా, చక్కెర కాదుగా” అంటూ మధుమేహం ఉన్న పెద్దలకు మరొకటి వడ్డించడం మన ఇళ్లలో ఆప్యాయతగా చెల్లుబాటవుతోంది. బెల్లంలో అధిక భాగం చక్కెరే. రక్తంలో అదీ చక్కెరలాగే పనిచేస్తుంది. రోజువారీ శక్తిలో ఇటువంటి చక్కెరల వాటా 10 శాతం లోపు ఉండాలనీ, 5 శాతం లోపు ఉంటే మరింత మేలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. రెండు వేల కేలరీలు తీసుకునేవారికి ఆ 5 శాతం అంటే 25 గ్రాములు. ఒక్కో బొబ్బట్టులో 20 గ్రాముల బెల్లం పడిందనుకుంటే, రెండింటితోనే ఆ హద్దు దాటిపోతాం. పైన వేసే ప్రతి చెంచా నేతితో సుమారు 45 కేలరీలు అదనం.

కాబట్టి ఇంట్లో చేసేటప్పుడు రెండు పాళ్ల పప్పుకు ఒక పాలు బెల్లం చాలు. యాలకుల పరిమళం ఆ లోటును తెలియనివ్వదు. బయట కొనేటప్పుడు మూత పెట్టి ఉంచిన పూర్ణాన్ని, అప్పటికప్పుడు కాల్చి ఇచ్చే చోటును ఎంచుకుందాం. తేమ ఉన్న పూర్ణం త్వరగా పాడవుతుంది. మధుమేహం ఉన్నవారికి వైద్యుల సలహా మేరకు, ఆ పూట అన్నం తగ్గించి సగం ముక్క ఇద్దాం. వారికి రెండవది వడ్డించకపోవడమూ ఆప్యాయతే.