బీరు పండుగయు, బతుకమ్మయు

భాద్రపద బహుళ అమావాస్య వచ్చినదనిన, మన కిన్వట్, మాహూరు ప్రాంతములలోని తెలుగిండ్లవారు గునుగు, తంగేడు పూలకై చేలగట్ల వెంట బయలుదేరుదురు. కొన్ని యేండ్లలో ఆ దినములలోనే జర్మనీ దేశమందలి మ్యూనిక్ నగరమున ప్రపంచ ప్రసిద్ధమైన బీరు పండుగ జరుగును. 2025లో బతుకమ్మ సెప్టెంబరు 21న మొదలై 30న సద్దులతో ముగిసినది. మ్యూనిక్ ఉత్సవము సెప్టెంబరు 20న మొదలై అక్టోబరు 5న ముగిసినది. చదువులకును, ఉద్యోగములకును ఆ దేశమేగిన మన బిడ్డలు ఆ ఉత్సవమునకు పోవుచున్నారు. లీటరు గాజు కూజాను చేతబట్టి తీయించుకొన్న ఛాయాచిత్రములను ఇంటికి పంపుచున్నారు. ఆ చిత్రములు సర్ఖనిలోని అరుగులపై తగవులు పెట్టుచున్నవి. "వంశము మంట గలిసినది" అని ఒక పక్షము. "మావాడు దొరలతో సమానముగా కూర్చున్నాడు" అని మరియొక పక్షము. ఈ రెండు పక్షములును దారి తప్పినవని మా దృఢాభిప్రాయము. ఎందుచేత తప్పినవో విన్నవించుటకే ఈ వ్యాసము.

మొదట ఆ ఉత్సవమెట్టిదో తెలిసికొందము. 1810 అక్టోబరు 12న బవేరియా యువరాజగు లుడ్విగ్, థెరీస్ అను రాకుమార్తెను వివాహమాడెను. ఆ సందర్భమున ఊరి వెలుపలి పచ్చికబయలులో ప్రజలకు గుఱ్ఱపు పందెములు చూపిరి. ఆ బయలునకు నేటికిని ఆమె పేరే. మరుసటి యేడే, అనగా 1811లో, వ్యవసాయ ప్రదర్శనమును జతచేసిరి. పెండ్లి వేడుకగా పుట్టి, రైతుల సంతగా పెరిగి, తరువాత బీరు పండుగయైనదన్నమాట. నేటికిని మొదటి ఆదివారమున తమ తాతముత్తాతల దుస్తులు ధరించి వేలమంది ఊరేగుదురు. మ్యూనిక్ నగరమునకే చెందిన ఆరు సంస్థల బీరు తప్ప అచట వేరొకటి పోయరాదు. ఆరేండ్లలోపు పిల్లలు రాత్రి 8 గంటల తరువాత పెద్ద డేరాలలో ఉండరాదు. 2023లో 70 లక్షలకు పైగా జనము వచ్చిరి. కలరా వలన 1854లోను, 1873లోను, కోవిడ్ వలన 2020, 2021లలోను ఉత్సవము ఆపిరి.

ఇక మొదటి పక్షమువారికి మా సమాధానము. అయ్యా, బిడ్డ పట్టపగలు, పదుగురి నడుమ, ఆ దేశపు చట్టమునకు లోబడి ఒక కూజా పుచ్చుకొన్నందుకు మీకింత ఆగ్రహమేల? మన దసరానాడు పందిరి వెనుక జరుగుచున్నదేమి? పెండ్లింట వధువు తండ్రి అప్పుచేసి తెచ్చు పెట్టెలలో ఉన్నదేమి? మన మహారాష్ట్రమున 1949 నాటి మద్యనిషేధ చట్టము ఇప్పటికిని అమలులోనున్నది. మద్యము సేవించువాడు పర్మిటు కలిగియుండవలెను. బీరునకు 21 సంవత్సరములు, ఘాటు మద్యమునకు 25 సంవత్సరములు నిండవలెను. ఆ పెండ్లి విందులలో పర్మిటు చూచిన వారెవరు? వయస్సు అడిగిన వారెవరు? వెలుగులో త్రాగినవానిని దూషించి, చీకటిలో త్రాగినవానిని "పెద్దమనిషి" యనుట నీతి కాదు. మ్యూనిక్‌లో భార్యయు, తల్లియు అదే బల్ల వద్ద కూర్చుందురు. ఇచట వారు వంటింటిలో కూర్చుండి, ఎవడు ఏ స్థితిలో ఇల్లు చేరునో యని ఎదురుచూతురు. ఈ తేడాను గుర్తింపని ఆగ్రహము వట్టి డాంబికము.

రెండవ పక్షమువారు ఇంతకన్న ప్రమాదకరులు. వీరికి కూజాలోని బీరు నాగరికత. ఈత చెట్టు క్రింది కల్లు మోటుతనము. బార్లీ గింజ పులిసిన గౌరవము, ఈత నీరు పులిసిన అప్రతిష్ఠయా? తరతరములుగా చెట్టెక్కి బ్రతికిన గీత కార్మికుని చూచి ముక్కు మూసికొనుచు, పరదేశపు కూజాకు దండము పెట్టుట బానిస బుద్ధి. మన పొరుగున నివసించు గోండులకు ఇప్పపువ్వు ఆహారము, ఔషధము, దేవతలకు నివేదనము కూడ. 1892లో నాటి బొంబాయి ప్రభుత్వము తన ఏలుబడిలోని కొన్ని జిల్లాలలో ఇప్పపూల సేకరణపై ప్రత్యేక చట్టము చేసినది. ప్రజలు తామే కాచుకొను మద్యమునుండి సర్కారునకు సుంకము రాదు గదా! చీదరించుకొనుట మనమెవరివద్ద నేర్చితిమో దీనివలన తెలియుచున్నది. మ్యూనిక్ వారు తమ ఊరి సరకును తప్ప వేరొకదానిని డేరాలోనికి రానీయరు. ఆ అభిమానము మీ కంటికి కనబడలేదు. కూజా మాత్రమే కనబడినది.

అట్లని మేము కల్లును గాని, ఇప్పసారాను గాని సమర్థించుచున్నామని ఎవరును పొరబడవలదు. కొందరు యువకులు, "మ్యూనిక్‌లో చెల్లినది మనకేల చెల్లదు? మన ఉత్సవమునకు మద్యపు వ్యాపారివద్ద చందా గైకొనిన తప్పేమి?" అని వాదించుచున్నారు. తప్పే యని మేము ఘంటాపథముగా చెప్పుచున్నాము. అచట పోలీసులు, వైద్యులు, నగరపాలకులు ఒక్క పనిగా నిలుచుందురు. 2003 నుండి ఆపదలోనున్న స్త్రీలకును, బాలికలకును ఆశ్రయమిచ్చు కేంద్రమును కూడ అచటనే నెలకొల్పిరి. ఇంత కట్టుదిట్టములో సైతము మైకమున పడిపోయినవారిని మోసికొనిపోవుట ఏటేట తప్పుట లేదు. ఇవేవియు లేని మన పందిరిలోనికి ఆ వ్యాపారమును ఆహ్వానించిన, దాని మూల్యము చెల్లించువారు మన ఆడబిడ్డలే.

వారి మాట ఏమో ఈ రాష్ట్రము ఎరుగును. గ్రామములలో మద్యపు దుకాణము మూయించుటకు స్త్రీలు ఓటు వేయు పద్ధతి ఇచట కలదు. మరాఠీ సోదరీమణులు దానిని "ఉభీ బాట్లీ, ఆడవీ బాట్లీ" అందురు. నిలువు సీసా గుర్తు దుకాణము ఉండవలెననుటకు, అడ్డ సీసా గుర్తు పోవలెననుటకు. మహిళా ఓటర్లలో సగమునకు మించినవారు అడ్డ సీసాను కోరినచో దుకాణము మూయవలసినదే. ఆంధ్రమున సైతము 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. వారికి ఆ ధైర్యము వచ్చినది ఎచటనుండి? రాత్రిబడిలో చదివిన తెలుగు వాచకములోని ఒక పాఠమునుండి. ఆ ఉద్యమమువలన 1993 అక్టోబరు 1న సారా నిషేధము, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధము వచ్చినవి. సంపూర్ణ నిషేధమును 1997లో సడలించిరి గాని, అక్షరము నేర్చిన స్త్రీ ఏమి చేయగలదో లోకమునకు తెలిసినది.

ఇప్పుడు అసలు మాటకు వత్తుము. మన భయము బీరును గూర్చి యుండరాదు. భాషను గూర్చి యుండవలెను. దక్షిణ అమెరికాలో బ్రెజిల్ దేశమున బ్లూమెనా యను ఊరు కలదు. 1850లో జర్మనులు వలసపోయి దానిని కట్టుకొనిరి. మనవలె వారును పరభాషా రాష్ట్రమున అల్పసంఖ్యాకులు. 1938 మొదలుగా అచటి ప్రభుత్వము బడులలో జర్మను భాషను అణచివేసినది. 1983, 1984లలో నది పొంగి ఊరు మునిగిన పిమ్మట, ఊరిని మరల నిలబెట్టుటకై 1984లో వారు మ్యూనిక్ మాదిరి బీరు పండుగను ప్రారంభించిరి. నేడది లక్షల జనమును రాబట్టుచున్నది. దుస్తులున్నవి, వాద్యములున్నవి, బీరున్నది. కాని ఊరి సామాన్య వ్యవహారము పోర్చుగీసు భాషలోనే. తాతల భాష పెద్దలలోను, కొన్ని కుటుంబములలోను మాత్రము మిగిలినది. భాష సడలిన చోట పండుగలో సులభముగా మిగులునది కూజాయే యని ఇంతకన్న స్పష్టముగా ఎవరు చెప్పగలరు?

మన సంగతియో? 1956 నవంబరు 1 వరకు కిన్వట్ తాలూకా హైదరాబాదు రాష్ట్రమున ఆదిలాబాదు జిల్లాలోనిది. ఒక్క గీత మారినంతనే మనము అల్పసంఖ్యాకులమైతిమి. మరాఠీ మనకు అన్నము పెట్టిన భాష. దానియందు మాకు గౌరవమే కలదు. ఆ యేడే రాజ్యాంగమునకు చేసిన ఏడవ సవరణచే 350-ఏ అధికరణము ఏర్పడినది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందించుటకు రాష్ట్రములు కృషి చేయవలెనని అందున్నది. దస్తరములలో బ్రతుకు గడపిన మాకు ఒక్కటి తెలియును: అర్జీ పెట్టనివాని హక్కు కాగితముపైననే పసుపుబారును.

జర్మనీలో విదేశీ విద్యార్థులలో భారతీయులే మొదటివారు. 2023-24లో వారు 49 వేలు. వారిలో తెలుగు బిడ్డలనేకులు. ఆ డేరాలో బవేరియావాడు లేచి తన తాత పాట పాడును. "నీ ఊరి పాట ఒకటి పాడుము" అని మనవానినడిగిన, వాడేమి పాడవలెను? ఎంగిలిపూల నుండి సద్దుల వరకు తొమ్మిది దినములు వాని నాయనమ్మ పాడిన పాటలలో వానికొక్కటియు రాదు. నేర్పినవారు లేరు, వ్రాసి ఉంచినవారు లేరు. బిడ్డ బీరు పండుగకు పోయినందుకు ప్రశ్నించుటకు ముందు, వట్టి చేతులతో పంపినందుకు పెద్దలు సమాధానము చెప్పవలెను.

కావున మన సంఘసభ్యులకు మా మనవి మూడు మాటలు. ఒకటి: బతుకమ్మ, దసరా ఉత్సవములకు మద్యపు సొమ్ము ఒక్క రూపాయియు స్వీకరింపరాదు, పందిరి వెనుక సీసా కనబడినచో అది ఎవరిదైనను కార్యవర్గము ఊరుకొనరాదు. రెండు: ప్రతి ఇంటను ముసలమ్మలు పాడు పాటలను తెలుగు లిపిలో ఒక నోటుపుస్తకమున వ్రాయించి, సంఘము వద్ద ఒక ప్రతి ఉంచవలెను. మూడు: ఆదివారము ఒక గంట పిల్లలకు అక్షరములు నేర్పవలెను, ఇంటినుండి వచ్చిన ఉత్తరమును చదువుకొనునంతటి తెలుగు వచ్చువరకు విడువరాదు.

వచ్చే యేడును మ్యూనిక్ నుండి ఛాయాచిత్రములు వచ్చును. వానికి జవాబుగా తిట్లు వ్రాయకుడు, పొగడ్తలు వ్రాయకుడు. మన వాకిట పేర్చిన బతుకమ్మ చిత్రమును, దానితోపాటు తెలుగులో వ్రాసిన ఒక పాటను పంపుడు. అది చదువుటకు వానికి వచ్చునట్లు చూచుట మాత్రము నేటినుండియే మన పని.