కొలిచాం సరే, చెప్పామా?

2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో అదే రికార్డు. అంతకు ముందు, 2013లో వాజేడులో పడిన 517.5 మిల్లీమీటర్లే ఎక్కువ.

ఈ లెక్క తేల్చింది ఆటోమేటిక్ వాతావరణ కేంద్రం. రాష్ట్రంలో ఇలాంటివి వెయ్యికి పైగా ఉన్నాయి. వాటి సమాచారం గంట గంటకూ హైదరాబాద్ చేరుతుంది. అయినా ఆ జులై 27 తెల్లవారుజామున మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచెత్తితే, జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు దక్కించుకోవాల్సి వచ్చింది. వాన లెక్క రాజధానికి వెళ్లినంత వేగంగా హెచ్చరిక ఊళ్లోకి రాకపోతే ఆ యంత్రాలు పద్దు రాసుకోవడానికే మిగులుతాయి.

సీజన్ అంచనాల కథ వేరు. 2002లో వాతావరణ శాఖ సగటులో 101 శాతం వాన అంది. కురిసింది 81 శాతమే. ఆ తర్వాత నమూనాలు మార్చారు, మెరుగుపడ్డాయి కూడా. కానీ దేశమంతటికీ కలిపి చెప్పే శాతంతో పత్తి గింజ పెట్టే రైతుకు ఒరిగేదేమిటి? మృగశిర కార్తెలో తన చేనుకు పదును వాన ఎప్పుడన్నదే అతని ప్రశ్న.

2025 మేలో వచ్చిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ వాతావరణ అంచనా కట్టే గడిని 12 కిలోమీటర్ల నుంచి ఆరుకు కుదించింది. మంచిదే. ఆ అంచనాను పంచాయతీ మైకులో చెప్పించే పని ప్రభుత్వం ఇక మొదలుపెట్టాలి.