ముందు అర్జునుని మాట



ఈ శీర్షికలో మేము సాధారణంగా కుటుంబ జీవనానికి సంబంధించిన చిన్న విషయాలను ముచ్చటిస్తూ ఉండడం మీరెరిగినదే. ఈ మారు విషయం కొంత బరువైనది. మా సహోద్యోగి మిత్రుని ఇంట జరిగిన దానిని, ఆయన అనుమతితోనే, పేర్లు విడిచి వ్రాస్తున్నాము.

సూరత్ నగరానికి తూర్పున, మింఢోలా నది ఒడ్డున, చెరకు తోటల నడుమ బార్డోలీ పట్టణం ఉన్నది. 1928లో భూమిశిస్తు పెంపునకు వ్యతిరేకంగా ఇక్కడి రైతులు సాగించిన సత్యాగ్రహంతోనే వల్లభ్‌భాయ్ పటేల్ గారికి 'సర్దార్' అన్న పేరు స్థిరపడినది. కరీంనగర్ ప్రాంతం నుండి ఉద్యోగరీత్యా వచ్చిన మా మిత్రుడు చాలా కాలంగా ఈ పట్టణంలోనే కాపురమున్నారు. గడచిన వర్షాకాలంలో ఆయన ధర్మపత్ని కాన్సరు వ్యాధితో కన్నుమూసినారు. వారికి పదునేడేండ్ల కుమారుడు ఒక్కడే సంతానం.

పరామర్శకు వెళ్ళిన నాడు ఆ ఇంట మాకు రెండు ధ్వనులు వినవచ్చినవి. ముందు గదిలో ఘంటసాల వారి భగవద్గీత. లోపల, తలుపులు మూసిన గదిలో, ఉరుముల వంటి వాద్యఘోష, నడుమ నడుమ ఒక మనిషి గొంతు చించుకొని అరచిన అరుపు. మిత్రుడు సిగ్గుతో తల వంచుకొన్నారు.

"తల్లి పోయి వారం దినాలు కాలేదు. వీనికి ఈ డప్పులు, ఈ కేకలు! ఇరుగుపొరుగు ఏమనుకుంటరు?" అన్నారు.

మేము కుర్రవానిని పిలిచి భుజం తట్టి, "గుండె దిటవు చేసుకో నాయనా! నాన్నకు ధైర్యం చెప్పవలసినవాడవు నీవే" అని హితవు పలికినాము. అతడు తల ఊపి లోపలికి వెళ్ళిపోయినాడు. మా విధి నెరవేరినదని తలచి మేము తిరిగి వచ్చినాము. మరునాడే తండ్రి ఆ పిల్లవాని స్పీకరును బీరువాలో పెట్టి తాళం వేసినారట. నాటి నుండి తండ్రీ కొడుకుల నడుమ మాటలు లేవు. కళాశాలకు పోవడం తగ్గినది. కంచం ముందు కూర్చొని లేచిపోవడం మొదలైనది.

రెండు నెలల అనంతరం మరల వెళ్ళినప్పుడు, మమ్ము రైలు ఎక్కించడానికి కుర్రవాడు స్టేషనుకు వచ్చినాడు. బండి ఆలస్యం. ఏమి మాట్లాడవలెనో తోచక, "నీవు వినే ఆ సంగీతం ఎటువంటిది, బాబూ?" అని అడిగినాము. అతడు కొంతసేపు మా ముఖం వంక చూచి, చెవిలో పెట్టుకొను గొట్టం ఒకటి మా చేతికిచ్చినాడు.

దానిని 'ప్రోగ్రెసివ్ మెటల్' అంటారట. విద్యుత్ గిటారుల ధ్వనిని గరుకుగా, భీకరంగా మార్చి వాయిస్తారు. పాట నడుస్తూ ఉండగానే తాళగతి మారిపోతుంది. చతురశ్ర నడకలో పోతున్నది కాస్తా మన మిశ్రచాపు వలె ఏడింటికి తిరుగుతుంది. మాకు మొదట తల దిమ్మెక్కినది. మెల్లగా ఆ ఘోష వెనుక ఒక విషాద రాగం సాగుతున్నదని తెలిసినది.

అది అమెరికాలోని అట్లాంటా నగరానికి చెందిన 'మాస్టొడాన్' అను నలుగురి బృందం 2021లో వెలువరించిన 'హష్డ్ అండ్ గ్రిమ్' అను సంపుటం. వారి వ్యవహారాలను చిరకాలం చూచిన నిక్ జాన్ అను మేనేజరు 2018లో కాన్సరుతో మరణించినారు. ఆ దుఃఖంలో నుండి పుట్టినవే ఇందలి 15 పాటలు. మొత్తం దాదాపు గంటన్నర నిడివి. వేర్వేరు పాటలైనప్పటికీ, మన బుర్రకథ వలె అన్నిటిలోనూ ఒకే సూత్రం నడుస్తుంది. ఇట్టి వాటిని 'కాన్సెప్ట్ ఆల్బమ్' అంటారని కుర్రవాడు చెప్పినాడు. ఆ పాటలకు ఆధారమైన కల్పన ఇది: మరణించినవాని ఆత్మ ఒక సజీవ వృక్షంలో ప్రవేశిస్తుంది. ఋతువులు ఒక్కొక్కటిగా గడుస్తూ ఉండగా తన జీవితాన్ని నెమరు వేసుకొంటూ, ఈ లోకానికి మెల్లగా వీడ్కోలు చెబుతుంది.

"అమ్మ చెట్టులో ఉందని నేను అనుకోవడం లేదు, బాబాయిగారూ" అన్నాడు అతడు. "కానీ వాళ్ళ కథలో వీడ్కోలు చెప్పడానికి ఋతువులన్నీ ఇచ్చారు. మా ఇంట్లో పన్నెండు రోజులే ఇచ్చారు. పదమూడో రోజు నుంచి అందరూ 'ధైర్యంగా ఉండు' అన్నారు. మీరైతే ఇంకా ముందే అన్నారు."

బండి వచ్చినది. మేము ఎక్కినాము గాని ఆ మాట మమ్ము వదలలేదు.

దారి పొడవునా మేము ఆలోచించినది తండ్రి వినుచున్న ఆ గీతను గురించియే. 1922లో జన్మించిన ఘంటసాల వెంకటేశ్వరరావు గారు 1974 ఫిబ్రవరి 11న పరమపదించినారు. ఆయన కడపటి దినాలలో పాడిన భగవద్గీత, ఆయన పోయిన తరువాతనే గ్రామఫోను రికార్డులుగా ప్రజల చేతికి వచ్చినది. శ్లోకములను ఏరి, రాగములు కట్టి, తెలుగు తాత్పర్యమును తమ కంఠముతోనే వినిపించినారు. మరణించిన గాయకుని గొంతు మరణాన్ని గురించి పలుకుతూ ఉంటే తెలుగువారి గుండె కరగినది. నేడు తెలుగునాట మృత్యువు తొంగిచూచిన ఇంట మొదట వినిపించేది ఆ కంఠమే. ఏక సూత్రంపై నడచి, శోకాన్నే విషయంగా గ్రహించిన సంపుటం మన ఇండ్లలోనూ ఇన్నాళ్ళుగా ఉన్నదన్న మాట! తండ్రి ముందు గదిలోను, కొడుకు లోపలి గదిలోను వినుచున్నది ఒకే జాతి సంగీతమని ఆ ఇంట ఎవ్వరికీ తోచలేదు. మాకును తోచలేదు.

ఇంటికి చేరి మేము గీతా గ్రంథాన్ని తెరచినాము. తొలి అధ్యాయం పేరే అర్జున విషాదయోగం. విషాదాన్ని కూడ యోగమన్నారు మన పెద్దలు. ఆ అధ్యాయమంతటా శ్రీకృష్ణ పరమాత్మ పలికినది ఒక్క చిన్న వాక్యమే: ఎదుట నిలచిన కౌరవులను చూడుమని. అటుపై మాట అంతయు అర్జునునిదే. అవయవములు పట్టు దప్పుచున్నవని, నోరెండుచున్నదని, గాండీవం చేజారుచున్నదని అతడు చెప్పుచుండగా స్వామి వినుచున్నాడు. రెండవ అధ్యాయ ప్రారంభంలో స్వామి, ఈ పిరికితనం తగదు, లెమ్మని మందలించినాడు. ఆ మందలింపుతో అర్జునుడు లేవలేదు! మరల తన దుఃఖాన్ని చెప్పుకొని, నీకు శిష్యుడనని శరణు వేడి, చెప్పవలసినది అయిపోయినాక మౌనం వహించినాడు. ఉపదేశం ఆరంభమైనది అప్పుడే, ఆ అధ్యాయంలోని 11వ శ్లోకంతో.

సాక్షాత్తు భగవంతుడు పలికిన 'లెమ్ము' కూడ, దుఃఖితుడు తన మాట ముగించక మునుపు పనిచేయలేదు. ఇక మా 'గుండె దిటవు చేసుకో' ఎంతటిది?

ఈ సంగతి మన పూర్వులకు తెలియనిది కాదు. తెలంగాణ పల్లెలలో స్త్రీలు శోకాలు తీస్తూ, పోయినవారి గుణగణాలను వరుస కట్టి గొంతెత్తి ఏడ్చేవారు. గుజరాత్ స్త్రీలకు మరసియాలనే శోకగీతాలు ఉన్నవి. అవి వినసొంపుగా ఉండవలెనని ఎవ్వరూ కోరలేదు. కాలనీలలో, ఫ్లాట్లలో కాపురాలు పెట్టిన పిమ్మట మనం ఆ ఏడ్పును మోటుదనమని మాన్పించుకొన్నాము. గొంతెత్తి ఏడ్వడానికి తావు లేని పిల్లవాడు, తన తరఫున అరచే గొంతును ఎక్కడో అట్లాంటాలో వెదకుకొన్నాడు. తప్పెవరిది?

ఈ ఆలోచనలన్నీ మేము మిత్రునికి ఉత్తరంగా వ్రాసినాము. హితబోధ చేయలేదు, పిల్లవాడు స్టేషనులో అన్న మాటలను మాత్రం ఉన్నవి ఉన్నట్లు తెలిపినాము. మూడు వారాల పిదప ఆయన ఫోను చేసినారు. స్పీకరు బీరువాలో నుండి తీసి ఇచ్చి, ఆ రాత్రి కొడుకు గదిలో నేలపై కూర్చొన్నారట.

"మొదటి పాటకే లేచిపోదామనిపించిందన్నా. వాడు నా మొగం చూస్తున్నడని కూచున్న. నాలుగో పాట కాడ వాడు ఏడ్వబట్టిండు. నాకూ ఆగలేదు. ఆమె పోయినంక మేమిద్దరం ఒక్కచోట ఏడ్చింది అదే మొదలు."

ఆ వాద్యఘోష ఆయనకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. కుమారుని చదువు ఇంకను పూర్తిగా గాడిలో పడలేదు. కాని ఇద్దరూ కలిసి భోజనం చేయుచున్నారు. గుజరాత్‌లో పోయినవారి పేర రావిచెట్టు మొదట నీరు పోసే ఆచారం ఉన్నది. కర్మకాండ దినాలలో ఇరుగుపొరుగువారు చెప్పగా ఆయన ఒంటరిగా పోసి వచ్చినారట. ఇప్పుడు ప్రతి ఆదివారం ఉదయం తండ్రీ కొడుకులు చెంబుతో నీరు తీసుకొని ఆ రావిచెట్టు వద్దకు పోవుచున్నారు. పన్నెండు దినాలు కాదు, ఏడాది ఋతువులన్నీ తిరిగే వరకు పోయవలెనని నిశ్చయించుకొన్నారట.

పాఠకులకు మా మనవి ఒక్కటే. మన కాలనీలలో ఏ ఇంటికైనా పరామర్శకు వెళ్ళినప్పుడు, ధైర్యవచనాలను కొంతసేపు నాలుక చివరనే నిలిపి ఉంచుదాము. లోపలి గదిలో తలుపు మూసుకొన్న పిల్లలుంటే, ఏమి వినుచున్నావని అడిగి, మనమూ కాసేపు విందాము. ఇది మేము ఆలస్యంగా నేర్చుకొన్న పాఠం. వచ్చే నెల మరల కలుసుకొందాము.