పసుపుకు హలాల్ ముద్ర చాలదు, సీసపు పరీక్షా కావాలి

హలాల్ ధ్రువీకరణ అనగానే మనలో చాలామందికి మాంసమే స్ఫురిస్తుంది. నందిపేట్, ఆర్మూర్ పసుపు రైతుకు దానితో ఏమి పని అని అడిగేవారున్నారు. పని ఉన్నది. ఇండోనేషియా 2014లో చేసిన చట్టం ద్వారా ఆహార పదార్థాలకు ఈ ధ్రువీకరణను దశలవారీగా తప్పనిసరి చేస్తున్నది. దిగుమతులకు ఇచ్చిన గడువు 2026 అక్టోబరు. ఇక గల్ఫ్ దేశాల గురించి మన పల్లెలకు నేను చెప్పనక్కరలేదు.

ఎండు పసుపు కొమ్ములో మతపరంగా నిషిద్ధమైనదేదీ లేదు. చిక్కు పొడి దగ్గర, మాత్రల దగ్గర మొదలవుతుంది. కుర్కుమిన్ గుళికకు తొడిగిన జెలటిన్ ఏ జంతువుది? సారం తీయుటకు వాడిన ద్రావకమేది? అదే యంత్రంలో అంతకుముందు ఏమి ఆడించారు? ధ్రువీకరించేవారు అడిగే ప్రశ్నలివి. మన లక్కంపల్లి ఫుడ్ పార్కులో పరిశ్రమ పెట్టదలచినవారు వీటికి సమాధానాలను ముందే సిద్ధం చేసుకొనుట మేలు.

వైద్యునిగా నా ఆందోళన మరొకటి. కొమ్ముకు నిగారింపు తెచ్చుటకు కొన్నిచోట్ల లెడ్ క్రోమేట్ అనే పసుపు రంగు పూస్తారు. అది సీసపు లవణం. మన రైతులు ఆ పని చేస్తున్నారని నేననడం లేదు. కానీ రంగు చూసి ధర కట్టే అలవాటు ఉన్నంతకాలం ఆ ప్రలోభం ఎక్కడైనా ఉంటుంది. సీసానికి సురక్షితమైన మోతాదంటూ లేదు. పెద్దల కంటే పిల్లల శరీరం నాలుగైదు రెట్లు అధికంగా దానిని గ్రహిస్తుంది. గర్భిణి ఎముకలలో దాగిన సీసం శిశువును చేరుతుంది. రక్తహీనత, కడుపునొప్పి, చదువులో మందకొడితనం దాని లక్షణాలు. అటువంటి బిడ్డకు మనం ఐరన్ మాత్రలిచ్చి పంపుతాము. రక్తంలో సీసాన్ని కొలిచే సదుపాయం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఎక్కడిది? గ్లాసు నీళ్లలో పొడి వేసి చూసే ఇంటి పరీక్షకు ఇంత సూక్ష్మ పరిమాణాలు అందవు.

బంగ్లాదేశ్‌లో 2019లో పరీక్షించిన మార్కెట్ పసుపు నమూనాలలో 47 శాతం సీసంతో కలుషితమై ఉన్నవి. ప్రభుత్వం టోకు మార్కెట్లో అక్కడికక్కడే పరీక్షలు జరిపి, పట్టుబడినవారికి జరిమానాలు విధించి, విస్తృతంగా ప్రచారం చేసింది. 2021 నాటికి ఆ సంఖ్య సున్నాకు దిగింది. రెండేళ్లలో సాధ్యమైన పని ఇది!

ఇస్లాం సంప్రదాయంలో హలాల్‌కు తోడుగా తయ్యిబ్ అనే మాట ఉన్నది. శుభ్రమైనది, ఆరోగ్యకరమైనది అని దాని భావం. అనుమతించబడినదైతే చాలదు, మేలైనదీ కావాలి. కనుక సీసపు నివేదిక లేని హలాల్ పత్రం, నా దృష్టిలో, దాని స్వంత ప్రమాణానికే సగం దూరంలో ఆగిపోతుంది. హిందువు ఇంట గడపకు రాసే పసుపు, ముస్లిం ఇంట బిర్యానీలో పడే పసుపు ఒకే మార్కెట్ యార్డు నుండి వస్తుంది కదా.

మాంస ఎగుమతుల కోసం కేంద్రం 2023లో భారత నాణ్యతా మండలి ద్వారా హలాల్ ధ్రువీకరణకు ఒక పద్ధతి ఏర్పరచింది. 2025 జనవరిలో ప్రారంభమైన జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా పసుపు ఉత్పత్తులకూ అటువంటి ఏర్పాటు చేయవచ్చును. ప్రతి లాటుకూ సీసపు ఫలితం జతచేయాలి. కిలోకు 10 మిల్లీగ్రాములన్న మన దేశపు పరిమితి కూడా నాకు ఉదారంగానే తోస్తున్నది. పరీక్ష ఖర్చును మాత్రం రైతు నెత్తిన వేయరాదు. రెండెకరాల వాడు రుసుము కట్టలేక దళారికే అమ్ముకుంటాడు, పత్రం దళారి పేరున వస్తుంది.