భూతద్దం, అట్టపెట్టె, ఒక ఆదివారం



పేరెంట్స్ మీటింగుల్లో మేం ఎక్కువగా వినే మాట ఒకటుంది: "మేడమ్, వీడు ఫోను వదలడం లేదు, మీరైనా చెప్పండి." చెబుతాం. వినడు. ఆ ఫోనుతోనే వాడి చేత ఒక మంచి పని చేయించమని అడగడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పిల్లలు రీల్స్ చూడడమే కాదు, ఫొటోలు కూడా తీస్తున్నారు. మేడ మీది నుంచి శేషాచలం కొండలు, పక్కింటి పిల్లి, వాన మబ్బు. దీన్ని టైమ్ వేస్ట్ అని కొట్టిపారేయకండి. అయితే ఫోకస్, వెలుతురు, రంగు అన్నీ ఫోనే చూసుకుంటుంది. పిల్లవాడికి మిగిలేది వేలు ఆనించడమే. అందుకే ఆ ఫోను ముందు ఇంట్లో తయారైన లెన్సు ఒకటి పెట్టించండి.

అన్నిటికన్నా సులువైనది నీటి చుక్క. పారదర్శకమైన పాత ఫైలు కవరులోంచి చిన్న ముక్క కత్తిరించి, దాని మీద ఒక్క చుక్క వేసి, మెల్లగా తిప్పితే చుక్క కిందికి వేలాడుతుంది. దాన్ని ఫోను కెమెరా కింద పట్టుకోవాలి. (ఫోను మీదే నీళ్లు వేయనివ్వకండి, రిపేరు ఖర్చు మీదే.) ఉబ్బెత్తుగా ఉన్న ఆ చుక్కే కుంభాకార కటకం. ఇది మామిడి పూత కాలం. చిత్తూరు వైపు తోటలున్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, ఒక పూత రెమ్మ తెచ్చి చుక్క కింద పెట్టండి. మనం ఏటా చూస్తూనే ఉన్న పూతలో ఒక్కో పువ్వుకూ రేకులు, రేకుల మీద గీతలు కనిపిస్తాయి.

17వ శతాబ్దంలో హాలెండులోని డెల్ఫ్ట్ పట్టణంలో లీవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి ఉండేవాడు. యూనివర్సిటీ చదువు లేదు. పూసంత లెన్సులు తానే తయారుచేసుకుని, వాటితో చెరువు నీళ్లలో కదిలే సూక్ష్మజీవులను చూశాడు. అతని లెన్సుల్లో కొన్ని 200 రెట్లకు పైగా పెద్దవిగా చూపించేవి. మన పిల్లలు అంత చేయాలని కాదు. చుక్కతో మొదలుపెట్టమంటున్నాను, అంతే.

రెండోది కాస్త పెద్ద పని, నాకు ఎక్కువ ఇష్టమైనదీ ఇదే. ఫ్యాన్సీ షాపులో దొరికే మామూలు భూతద్దం ఒకటి కొనండి. పగలు, గదిలో లైట్లు ఆర్పి, కిటికీకి ఎదురుగా ఉన్న గోడ దగ్గర దాన్ని ముందుకూ వెనక్కూ జరపమనండి. ఒకచోట కిటికీ, బయటి కొబ్బరిచెట్టు, కరెంటు తీగలు రంగులతో సహా గోడ మీద తలకిందులుగా పడతాయి. అక్కడ అద్దానికీ గోడకూ మధ్య దూరం స్కేలుతో కొలవండి. ఇంచుమించుగా అదే ఆ లెన్సు నాభ్యంతరం. ఇప్పుడు ఒక చెప్పుల డబ్బా తీసుకుని, ఒక చివర రంధ్రం చేసి భూతద్దం అతికించండి. కొలిచిన దూరంలో, అట్ట ఫ్రేముకు అంటించిన తెల్లకాగితాన్ని లోపల నిలబెట్టండి. కాగితానికి ముందే కొంచెం వంటనూనె రాస్తే వెలుతురు దాటుతుంది. డబ్బా రెండో చివర చేసిన కంతలోంచి ఫోనుతో ఆ కాగితాన్ని ఫొటో తీయాలి. గోవిందరాజస్వామి గోపురం ఈ డబ్బాలోంచి ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. అంచులు మసకగా, గీతల చుట్టూ ఊదా, ఎరుపు రంగుల జీరతో ఉంటుంది. ఒక్క అద్దంతో ఇంతకన్నా శుభ్రమైన బొమ్మ రాదు. కెమెరా కంపెనీలు నాలుగైదు అద్దాలు ఎందుకు పేరుస్తాయో పిల్లలకు అప్పుడు అర్థమవుతుంది.

అసలు అద్దం లేకుండానే ఇది జరిగే చోటొకటి ఉంది. హంపి విరూపాక్షాలయం వెనక చీకటి గదిలో, చిన్న కంతలోంచి వచ్చే వెలుతురుకు తూర్పు గోపురం గోడ మీద తలకిందులుగా పడుతుంది. మన చంద్రగిరి కోట నుంచి ఏలిన విజయనగర రాజుల పాత రాజధాని అదే. సెలవుల్లో వెళ్తే సెల్ఫీలకు ముందు ఆ గది చూపించండి.

ఇదంతా పరీక్షకు పనికొస్తుందా అంటారేమో. పదో తరగతిలో కటక సూత్రం దగ్గర మైనస్ గుర్తు ఎక్కడ పెట్టాలో తెలియక మార్కులు పోగొట్టుకునేది ఎక్కువగా దాన్ని బట్టీ పట్టినవాళ్లే. ప్రాజెక్ట్ సబ్మిషన్ ముందురోజు రాత్రి షాపులో కొన్న 'మానవ నేత్రం' థర్మోకోల్ మోడల్ చూడ్డానికి బాగుంటుంది. బొమ్మ తలకిందులుగా ఎందుకు పడుతుందని అడిగితే మాత్రం పిల్లలు అట్ట మీది అక్షరాలు చదువుతారు. మార్కులు వేసేది మేమే కాబట్టి ఇందులో మా పాలూ ఉంది. అందంగా ఉన్నదానికి ఎక్కువ వేస్తున్నంతకాలం మీరు కొంటూనే ఉంటారు. వంకర డబ్బాకే ఎక్కువ మార్కులు పడాలని నా అభిప్రాయం.

స్టడీ అవర్లు, ఫౌండేషన్ క్లాసులు పోగా మిగిలేది ఆదివారమే. అందులో రెండు గంటలు ఇవ్వండి. మీరు పక్కన కూర్చోండి, చేతులు మాత్రం వాళ్లవే ఉండాలి. డీఎస్ఎల్ఆర్ కొనిపెట్టాల్సిన పని లేదు. ఒక్క జాగ్రత్త: భూతద్దాన్ని గానీ డబ్బాను గానీ సూర్యుడి వైపు తిప్పనివ్వకండి, కళ్లు పోతాయి, అట్ట అంటుకుంటుంది.

వచ్చిన ఫొటో ఎంత మసకగా ఉన్నా నాకు పంపించండి. కింద ఏ అద్దం వాడారో, కాగితం ఎన్ని సెంటీమీటర్ల దూరంలో పెట్టారో పిల్లల చేతే రాయించండి.